జాకీల మేస్త్రి ఊరిని ఎత్తిన సాయంత్రం

జాకీల మేస్త్రి కథ మొదలుపెట్టాడంటే ఎదురుగా ఊఁ కొట్టేవాడొకడు ఉండి తీరాలి. గాలికి చెప్పుకునే రకం కాదాయన. ఊఁ అనే గొంతు వినిపించకపోతే మాట మధ్యలోనే ఆపేసి, టీ గ్లాసు అడుగుకేసి చూస్తూ కూర్చుండిపోతాడు. ఆ ఊఁ కొట్టే ఉద్యోగం ఏళ్ళ తరబడి టైలరే చేస్తున్నాడు. జీతం లేదు, సెలవు లేదు, పైగా మేస్త్రి కోతలు కోస్తుంటే నవ్వు ఆపుకోవడం అదనపు పని. అయినా టైలరు ఏనాడూ మానలేదు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, మధ్యన ఒకటే గోడ. మేస్త్రి భార్య పోయినప్పటి నుంచీ ఆ గోడకి అవతల మాటామంతీ లేదని టైలరుకి తెలుసు. ఆయన నోరారా మాట్లాడుకునేది రోజు మొత్తం మీద ఈ టీ కొట్టు బల్ల మీదే.

ఆ సాయంత్రం మాత్రం టైలరుకి ఊఁ కొట్టే ఓపిక లేదు. మధ్యాహ్నం నుంచీ అన్నం సయించలేదు. కుట్టిన చొక్కాకి కాలరు తిరగేసి కుట్టి, మళ్ళీ విప్పాడు. రోడ్డు సూపర్‌వైజరు సాయంత్రం వచ్చి వీధివాళ్ళ మాటేమిటో కనుక్కుంటానన్నాడు. ఆ మాట మీదే టైలరు ఇల్లు ఉండడమో మునగడమో ఉంది.

అసలు సంగతి రోడ్డుతో మొదలైంది. టైలరు కుర్రతనంలో ఆ వరుస ఇళ్ళకి వీధిలోంచి మెట్లెక్కి వెళ్ళేవాళ్ళు. గడప మీద కూర్చుంటే కాళ్ళు వేలాడేవి. తర్వాత రోడ్డేశారు. అది గతుకులు పడితే దాని మీదే ఇంకో పొర వేశారు, అదీ పాడైతే మరో పొర. పాతది తీసి కొత్తది వెయ్యాలన్న ఆలోచన వేసేవాళ్ళకి రాలేదు, వచ్చినా తీరిక లేదు. అలా రోడ్డు ఎదుగుతూ పోయింది, ఇళ్ళు ఎదగలేదు. ఎక్కే మెట్లు ఒక్కొక్కటే తారు కిందకి వెళ్ళిపోయి, కొన్నాళ్ళకి ఇంట్లోకి దిగడానికి మెట్లు కట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు టైలరు మిషను ముందు కూర్చుంటే కిటికీలోంచి కనిపించేవి మనుషుల మొహాలు కావు, చెప్పులు. ఏ చెప్పులు ఎవరివో చూడకుండానే చెప్పగలడు.

పోయిన వానలకి నీళ్ళు ఇంట్లోకి వచ్చేశాయి. మంచాన పడిన తల్లిని రెండు చేతులా ఎత్తి, బట్టలు కత్తిరించే బల్ల మీద పడుకోబెట్టాడు టైలరు. నీళ్ళు తీసేదాకా ఆవిడ ఆ బల్ల మీదే ఉంది. "ఏరా, నన్ను ఏ కొలతకి కత్తిరిస్తావు?" అని కొడుకుని నవ్వించింది కూడా. కానీ కింద నీళ్ళలో గుడ్డపీలికలు తేలుతుంటే అటు చూసి గట్టిగా కళ్ళు మూసుకుంది. ఆ మూసుకున్న కళ్ళు టైలరుని ఇంకా వదల్లేదు.

ఇప్పుడు మళ్ళీ రోడ్డు వేస్తున్నారు. పాత పొరలు గీకించి తీసేసి అప్పుడు వేస్తే, గడపలు రోడ్డుకి సరిసమానంగా వస్తాయి. పాతదాని మీదే వేస్తే ఈసారి నీళ్ళు కిటికీలోంచి రావడమే తరువాయి. వరుస ఇళ్ళవాళ్ళు గీకమంటున్నారు. సందు చివర కొత్తగా లేచిన మేడలవాళ్ళు వద్దంటున్నారు. గీకితే ఎంత లేదన్నా నెలపాటు సందులోకి బండి రాదు. మేడలో రెండో అంతస్తులో ఉండే బ్యాంకాయన భార్యని రోజు విడిచి రోజు వైద్యానికి తీసుకెళ్ళాలి, కారు గుమ్మం ముందుకి రాకపోతే ఆవిడ నాలుగడుగులు కూడా వెయ్యలేదు. ఎవరి బాధ వాళ్ళది. ఎవరిదీ అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే వచ్చింది.

"అందరూ ఒక మాట మీదికి రండి. రాకపోతే మామూలుగా పాతదాని మీదే పొర వేసుకుపోతాను" అన్నాడు సూపర్‌వైజరు పొద్దున. అందుకే ఆ సాయంత్రం పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ అందరూ టీ కొట్టు దగ్గర పోగయ్యారు. పాతవాళ్ళు రేకు కింద బల్లల మీద, కొత్తవాళ్ళు గ్లాసులు పట్టుకుని నిలబడి.

"మేం రాకముందు ఈ సందులో ఏముందండీ?" అంటున్నాడు బ్యాంకాయన. మంచిగా మొదలుపెట్టాడు గానీ గొంతు పైకి పోతోంది. "ఒక దీపం ఉందా? ఒక బస్సుందా? ఆటోని రమ్మంటే మొహం తిప్పుకుని పోయేవాడట. ఇప్పుడు కదా ఊరు ఊరులా ఉంది!"

"దీపం లేకపోయినా వచ్చేదెవరో పోయేదెవరో తెలిసేది బాబూ" అంది టీ కొట్టు పిన్ని, గిన్నెలో టీ తిరగబోస్తూ. ఆవిడకి అందరూ బాబులే, ఆవిడ అందరికీ పిన్నే. "ఇప్పుడింత వెలుగులోనూ ఎవరెవరో తెలియడం లేదు."

"నేనొచ్చి మూడేళ్ళయింది పిన్నీ. ఇంకా కొత్తమ్మాయి అనే అంటారు. ఎన్నేళ్ళుంటే మీ లెక్కలో పాతబడతాం?" అని అడిగింది మేడ మీద అద్దెకుంటున్న నర్సమ్మాయి.

"మీ ఇంట్లోకి నీళ్ళొచ్చిన రోజున పాతబడతావులే తల్లీ."

కొందరు నవ్వారు. బ్యాంకాయన నవ్వలేదు. "నీళ్ళు మేం పోశామా? ఊరు పెరిగితే మా తప్పా? మేమెక్కడికి పోవాలి?" అన్నాడు. "మేం మాత్రం ఎక్కడికి దిగిపోవాలి?" అన్నాడు వరుసలోంచి ఒకాయన. మాట మాటా పెరిగింది. సూపర్‌వైజరు వచ్చేలోగా ఒక మాట మీదికి రావడం అలా ఉంచి, కొట్టుకోకుండా ఉంటే చాలనిపించింది టైలరుకి.

అప్పుడు మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"ఊరు మారిందని మీలో మీరు కీచులాడుకుంటారేమిటర్రా, దాన్ని మార్చినవాణ్ణి నేనిక్కడ రాయిలా కూర్చునుంటే?"

అందరూ అటు తిరిగారు. మేస్త్రి ఆలోచన టైలరుకి ఇట్టే అర్థమైంది. నాలుగు కోతలు కోసి, అందరినీ నవ్వించి, చల్లబరిచి, ఆ మీదట గీకడానికి ఒప్పించాలని. మంచి మనసే. కానీ 'ఇవాళ వద్దు అన్నా' అనబోయాడు. అప్పటికే మేస్త్రి కండువా దులిపి భుజాన వేసుకుని, రోజూ చూసినట్టే అతని వంక చూశాడు. అలవాటైన ప్రాణం.

"ఊఁ" అన్నాడు టైలరు.

"అప్పటికి నాకింకా మీసం సరిగ్గా రాలేదు. ఒక కిరాణా కొట్టాయన ఇల్లు పల్లంలో పడింది, చినుకు పడితే చాలు, పప్పు బస్తాలు నానిపోయేవి, ఇక కూలగొట్టి కట్టుకోవడమే గతి అన్నారందరూ. నేనన్నాను, కూలగొట్టడం దేనికండీ, ఉన్న ఇంటిని ఉన్నట్టు జానెడు పైకి లేపి ఇస్తాను, మీరు లోపలే ఉండండి, భోంచేస్తూ ఉండండి అని. నవ్వారు. నవ్వనీ! ఇంటి చుట్టూ తవ్వించి, పునాది కింద వరసగా జాకీలు పెట్టించి, జాకీకొక మనిషిని కూర్చోబెట్టి, మధ్య గదిలో నేల మీద గ్లాసు పెట్టి అంచుదాకా నీళ్ళు పోశాను. అది మా పనిలో పద్ధతి. చుక్క ఒలికిందంటే ఇల్లు ఒరుగుతోందని, అక్కడికక్కడ ఆపెయ్యాలి. నేను 'హే...య్' అని కేకేశానంటే అందరూ ఒక్కసారే పావు తిప్పు తిప్పాలి. ఒకడు ముందూ ఒకడు వెనకా అయితే గోడ పగులుతుంది. అంతా కేకలోనే ఉంది."

"నిజంగా ఇల్లు లేస్తుందా తాతగారూ?" అంది నర్సమ్మాయి.

"లేస్తుందా అంటావేమిటి తల్లీ! లేచింది. లేచాక వంగి కిందకి చూశాను. ఆ ఇల్లు కట్టిన్నాటి నుంచీ వెలుతురెరగని మట్టి. దాని మీద ఎండ పడింది. ఇంటావిడ కూడా వంగి చూసి ఏడ్చేసింది. ఎందుకమ్మా అంటే, ఏమో బాబూ తెలియదు అంది."

ఇంతవరకూ చాలామటుకు నిజమేనని టైలరుకి తెలుసు. కాకపోతే ఆ రోజుల్లో కేక వేసింది పెద్ద మేస్త్రి, ఈయన మూల జాకీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చునేవాడు. అదేం పెద్ద తేడా కాదు. మూల జాకీ అందరికీ ఇచ్చేది కూడా కాదు. ఇక్కడితో ఆపితే బాగుండుననుకుంటూ టైలరు ఊఁ అన్నాడు.

ఆపితే మేస్త్రి ఎందుకవుతాడు?

"దాంతో నా పేరు పాకిపోయింది. రెండంతస్తుల ఇల్లొకటి వచ్చింది, పైన ఉయ్యాల్లో చంటిపిల్ల, నిద్రలేస్తే ఊరుకోదు, వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుని, అన్నయ్యా పిల్ల లేవకూడదు అంది. నేను కేకని గొంతులో వెయ్యడం మానేసి కళ్ళతో వేశాను. కళ్ళతోనే! అంతమంది కూలీలూ నా రెప్ప వంకే చూస్తూ, నేను రెప్ప వేస్తే పావు తిప్పు, ఎత్తితే ఆపు. ఇల్లు నిలువెత్తు లేచింది, పిల్ల పక్కకి ఒత్తిగిల్లను కూడా లేదు. ఇంటాయన మాత్రం మధ్యాహ్నం నిద్రలేచి, ఎప్పటిలా వీధిలోకి కాలు పెట్టాడు. వీధెక్కడుందీ? కింద ఉంది!"

"పడ్డాడా?" అంది పిన్ని.

"పడతాడని ముందే తెలిసి గడ్డి పరిపించాను చెల్లెమ్మా. ఏం పనివాణ్ణనుకున్నావు నన్ను! ఆ తర్వాత ఏమైందో తెలుసా? సినిమా హాలు. హాలు ఎత్తాలంటే ఆటలు ఆపాలి, ఆపడానికి యజమాని ఒప్పుకోడు. ఆపొద్దు, ఆట నడవనీ అన్నాను. ఆట మొదలైంది, నేనూ మొదలుపెట్టాను. తెరా లేస్తోంది, వెలుగొచ్చే పెట్టె లేస్తోంది, కుర్చీలు లేస్తున్నాయి, అన్నీ సమానంగా లేస్తుంటే లోపలివాడికి ఎలా తెలుస్తుంది? ఏడ్చేచోట ఏడ్చారు, నవ్వేచోట నవ్వారు. ఆట అయిపోయి తలుపులు తీస్తే ఎదురుగా పక్క మేడల కప్పులూ, వాటి మీద ఆరేసిన బట్టలూ! ఇక నిచ్చెనలు తెప్పించేదాకా పాపం వాళ్ళందరూ అదే సినిమా మళ్ళీ మళ్ళీ చూశారు. కొంతమందికి మాటలన్నీ కంఠతా వచ్చేశాయి."

ఈసారి నవ్వింది పాతవాళ్ళొక్కరే కాదు. మేడలవాళ్ళలో ఎవరో ఫక్కుమన్నారు. బ్యాంకాయన పెదవి చివర కూడా కొద్దిగా కదిలింది. టైలరుకి ఆశ పుట్టింది. ఏమో, మేస్త్రి లెక్క సరైనదేనేమో, ఈ నవ్వు మీదే ఒప్పుకుంటారేమో అనుకున్నాడు. ఊఁ కాస్త గట్టిగానే అన్నాడు.

మేస్త్రి ముందుకి వంగాడు. ఆయన మొహంలో మాత్రం నవ్వు లేదు. కోతలు కోసేటప్పుడు ఎప్పుడూ ఉండదు. చావు కబురు చెప్పేవాడిలా నిదానంగా, బరువుగా చెబుతాడు.

"తర్వాత వీధి ఎత్తాను. వీధంటే వీధే, ఈ చివర నుంచి ఆ చివరకి. ఎన్ని జాకీలని అడక్కండి, ఊళ్ళో జాకీ అన్నది మిగల్లేదు, కారు టైరు పంక్చరైతే మార్చుకునే దిక్కు లేదు ఎవడికీ. అంతా సవ్యంగా లేస్తోంది. నడిమధ్యలో ఒక కూలీవాడికి తుమ్మొచ్చింది. తుమ్ముతో పాటు వాడి చెయ్యి ఇంకో అర తిప్పు తిప్పేసింది. అంతే, వీధి ఒక పక్కకి ఒరిగింది. ఈ కొసన ఉన్న బిందెలూ మంచాలూ పిల్లల పుస్తకాలూ అన్నీ దొర్లుకుంటూ ఆ కొసకి పోయాయి. ఒకరి దుప్పటి ఒకరింట్లో, ఒకరి కూర ఒకరి గిన్నెలో. నేను తొణకలేదు. 'అందరూ ఇటు పరిగెత్తండి!' అని కేకేశాను. ముసలీ ముతకా పిల్లా జెల్లా అంతా ఈ కొసకి ఉరికారు. ఆ బరువుకి వీధి మళ్ళీ సమంగా నిలబడింది. మాటల్లేనివాళ్ళు కూడా ఆ రోజు గిన్నెలు ఇచ్చిపుచ్చుకోడానికి ఒకరి గడప ఒకరు తొక్కారు. అలాంటి వీధులమ్మా ఈ ఊళ్ళో ఉండేవి. ఇప్పుడు ఎదురింటివాళ్ళ గిన్నె ఎలా ఉంటుందో తెలుసా మీకు?"

నర్సమ్మాయి తల అడ్డంగా ఊపింది. తెలియదని ఆ అమ్మాయి మొహం చూస్తేనే తెలుస్తోంది.

"ఇంకేం మిగిలింది? ఊరు మిగిలింది. పెద్దలందరూ వచ్చి, మేస్త్రీ, వానొస్తే ఊరంతా చెరువవుతోంది, నువ్వు తప్ప దిక్కు లేదన్నారు. సరేనన్నాను. ఆసుపత్రి, బడి, స్టేషను, వంతెన, ఏదీ వదల్లేదు, అన్నిటి కిందా జాకీలే. ఊరి నడుమ పెద్ద గంగాళం పెట్టి నీళ్ళు పోయించాను, గ్లాసు చాలదు కదా మరి. ఊరంతా ఊపిరి బిగబట్టింది. కేకేశాను. ఆ కేక ఇంకా ఎక్కడో తిరుగుతూనే ఉంటుంది, ఆగుండదు. ఊరు లేచింది! మొదట చెట్లు కిందకి పోయాయి, తర్వాత గద్దలు కిందకి పోయాయి, ఆ తర్వాత మబ్బులు కిటికీల్లోంచి ఇళ్ళలోకి వచ్చి వంటింట్లో పొగతో కలిసిపోయాయి. ఏది మబ్బో ఏది పొగో తెలియక ఆడవాళ్ళు విసనకర్రలు పట్టుకుని విసురుతూ కూర్చున్నారు. విమానం నడిపేవాడు మా ఊరి పక్క నుంచి పోతూ తల బయటకి పెట్టి, బాబాయ్, కాస్త దారివ్వండి అన్నాడు. ఒక్క చినుకంటే ఒక్క చినుకు మా మీద పడలేదు. పడాలంటే వాన మా పైన ఉండాలిగా! వాన మాకు కిందెక్కడో కురుస్తోంది. పైనుంచి చూస్తూ ఎంత హాయిగా ఉందో! ఒక్క గడప తడవలేదు. ఒక్క ముసలిదాన్ని ఎత్తి బల్ల మీద పడుకోబెట్టాల్సిన పని లేదు."

ఆ చివరి మాట దగ్గర మేస్త్రి గొంతు కొంచెం తగ్గింది. తన కోసమే అన్నాడని టైలరుకి తెలిసింది. ఊఁ మెల్లిగా అన్నాడు.

కథకి అక్కడ తెర దించి, మేస్త్రి ఇక అసలు మాటలోకి దిగబోయాడు. కానీ ఈలోపల బ్యాంకాయన గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"మేస్త్రిగారూ, ఊరి సంగతి ఎలా ఉన్నా, ఆ మొదటి ఇల్లు నిజమేనా?"

"నిజమేనండీ" అంది నర్సమ్మాయి. "నేను ఫోన్లో చూశాను. జాకీలు పెట్టి నిజంగానే ఇళ్ళు ఎత్తుతారు, లోపల మనుషులుండగానే."

"నిజమా అంటారేమిటండీ, ఈ చేతుల్తో ఎత్తాను!" అన్నాడు మేస్త్రి చేతులు చాపి.

"అయితే మరి మనం ఇంతసేపూ పోట్లాడుకున్నది దేనికండీ?" బ్యాంకాయన గొంతులో వెటకారం లేదు. ఏదో పెద్ద బరువు దిగినట్టుంది. "మీ ఇళ్ళు మీరు ఎత్తేసుకోండి. రోడ్డు గీకే పని లేదు, సందు మూసే పని లేదు. ఎత్తేటప్పుడు మా మేడ నుంచి కూడా మనుషులు వస్తారు, నేనూ వస్తాను. మీకూ ఇబ్బంది ఉండదు, మా ఆవిడకీ ఇబ్బంది ఉండదు. ఈ మాట ముందే అనకపోయారా!"

మేడలవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. బాగుంది, ఇదే బాగుంది అని గొణుక్కున్నారు. నర్సమ్మాయి కళ్ళు మెరిశాయి. పాపం, నిజంగానే సంతోషించింది. టైలరుకి మాత్రం తెలిసిపోయింది, నవ్వించి ఒప్పిద్దామని బయలుదేరిన మనిషి వాళ్ళ చేతికే కర్ర అందించాడు.

సరిగ్గా అప్పుడే సూపర్‌వైజరు మోటారు సైకిలు వచ్చి ఆగింది.

"తేలిందా?" అన్నాడు దిగకుండానే.

"తేలిపోయిందండీ" అన్నాడు బ్యాంకాయన. "మీదే పొర వేసెయ్యండి. ఈ వరుస ఇళ్ళు మేస్త్రిగారు పైకి లేపుతారు."

సూపర్‌వైజరు మేస్త్రిని ఎగాదిగా చూశాడు. "లేపుతారా పెద్దాయనా? అలా అయితే నాకేం అభ్యంతరం. పొద్దున్నే తారు లారీ పంపిస్తాను."

అందరి చూపులూ మేస్త్రి మీదే ఉన్నాయి. పాతవాళ్ళవీ, కొత్తవాళ్ళవీ. ఆ చూపుల ముందు ఎన్నో సాయంత్రాలు ఆయన ఇళ్ళు ఎత్తాడు, ఎత్తిన మాటని ఏనాడూ దించలేదు. ఇప్పుడు దించడం ఆయనకి చేతకాలేదు.

"లేపుతాను" అన్నాడు. "ఊరినే లేపినవాణ్ణి. ఈ పిచ్చుకగూళ్ళు ఒక లెక్కా?" అని, ఎప్పటిలా టైలరు వైపు తిరిగాడు. "ఏరా తమ్ముడూ?"

టైలరు ఊఁ అనలేదు.

మేస్త్రి కాసేపు చూశాడు. "ఏరా?" అన్నాడు మళ్ళీ, ఈసారి మెల్లిగా. ఆ పిలుపులో బతిమాలడం ఉంది.

"కాదన్నా" అన్నాడు టైలరు.

ఆ కొట్టు దగ్గర ఆ మాట అతని నోట ఇంతవరకూ ఎవరూ వినలేదు. పిన్ని టీ గరిటె గిన్నెలోనే వదిలేసింది. టైలరు లేచి నిలబడ్డాడు. మేస్త్రి వంక చూస్తే చెప్పలేనని, రోడ్డు వంక చూస్తూ చెప్పాడు.

"ఆ ఇళ్ళు లేవవండీ. పోయిన వానలు తగ్గాక నేనే అన్నని మా ఇంట్లోకి పిలిచాను, ఎత్తడానికి కుదురుతుందేమో చూడమని. గోడ అడుగున పెచ్చు ఊడదీసి గరిటె కాడతో గీకాడు. ఇటుకల మధ్య సిమెంటు లేదు, సున్నం లేదు, ఉత్త మట్టి. పిండిలా జలజలా రాలింది. ఇటుక ఊడి అన్న చేతిలోకి వచ్చేసింది. దాన్ని మళ్ళీ అక్కడే పెట్టి, నేల మీద కూర్చుండిపోయాడు. ఇది లేవదురా, జాకీ పెడితే కూలుతుంది, నీ గోడా నా గోడా ఒకటే, వరుసంతా ఇంతే అన్నాడు. నా వల్ల కాదురా అని..." టైలరు ఆగాడు. చెప్పక తప్పదు. "అని ఏడ్చాడండీ. ఎవరికీ చెప్పకురా అన్నాడు. చెప్పనని మాటిచ్చాను."

టైలరు ఇంకా రోడ్డు వంకే చూస్తున్నాడు.

"ఇన్నేళ్ళూ ఆయన ఏం చెప్పినా ఊఁ కొట్టాను. సినిమా హాలెత్తితే ఊఁ అన్నాను, ఊరెత్తితే ఊఁ అన్నాను. ఇంకా ఎత్తితే ఇంకా అంటాను. నాదేం పోయింది? కానీ దీనికి ఊఁ అన్నానంటే మా అమ్మ మళ్ళీ ఆ బల్ల మీద పడుకోవాలి. నేననను."

సూపర్‌వైజరు ఈసారి బండి దిగాడు. మేస్త్రి ముందుకొచ్చి నిలబడ్డాడు. "పెద్దాయనా, ఆయన మాట కాదు, పని తెలిసినవారు మీరు చెప్పండి. లేస్తాయా, లేవవా?"

మేస్త్రి ఒక్క మాట అంటే చాలు. వీడికేం తెలుసండీ గుడ్డలు కుట్టుకునేవాడికి అంటే చాలు, టైలరు మాట కొట్టుకుపోయేది. టైలరు కూడా అదే అంటాడని భయపడుతున్నాడు. మేస్త్రి తన చేతులు తిరగేసి చూసుకున్నాడు. భుజం మీది కండువా జారితే సర్దుకోలేదు.

"లేవవు" అన్నాడు.

ముందూ లేదు, వెనకా లేదు. ఆ బల్ల మీద కూర్చుని ఆయన అంత పొట్టి మాట ఎప్పుడూ అనలేదు.

బ్యాంకాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. చాలాసేపు మేడ వైపు, రెండో అంతస్తులో వెలుగుతున్న కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ కిటికీ వెనక ఎవరున్నారో అందరికీ తెలుసు.

"గీకించండి" అన్నాడు చివరికి, సూపర్‌వైజరుతో కాదు, ఆ కిటికీతో అన్నట్టు. "మా ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి సందు చివరిదాకా మోసుకెళ్తాను."

"మేమూ ఓ చెయ్యి పడతాం బాబుగారూ" అన్నాడు టైలరు. "నాకు అలవాటే."

బ్యాంకాయన సరేననలేదు, వద్దనీ అనలేదు. గ్లాసు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. అతని వెనకే మేడలవాళ్ళు, తర్వాత వరుస ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే కదిలారు. వెళ్తూ వెళ్తూ మేస్త్రి ముందు నుంచి కాక వెనక నుంచి వెళ్ళారు. పరువుగల మనిషిని పడిపోయిన చోట చూడకూడదని కావచ్చు. నర్సమ్మాయి ఒక్కతే ఆయన ముందు ఆగి, కిందపడ్డ కండువా తీసి బల్ల మీద పెట్టి వెళ్ళింది. సూపర్‌వైజరు ఎవరికో ఫోను చేసి, లారీ వద్దు, ముందు గీకే మిషను పంపించమని చెబుతూ బండెక్కాడు.

బల్ల మీద ఇద్దరే మిగిలారు. పిన్ని అటు తిరిగి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతోంది.

ఇంట్లో గడప తడవదన్న ఆనందం టైలరుకి వచ్చిందా అంటే వచ్చింది. దాని పక్కనే బాధ కూడా వచ్చి కూర్చుంది. తల్లి కోసం స్నేహితుణ్ణి నలుగురిలో నిలబెట్టి నేలకి కొట్టాడు. మళ్ళీ అదే అవసరం వస్తే మళ్ళీ అదే చేస్తాడు. అందుకే క్షమించమని అడగడానికి కూడా నోరు రాలేదు.

"ఏరా" అన్నాడు మేస్త్రి. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

"ఏంటన్నా?"

"అనేదేదో కాస్త ముందు అనకపోయావా? కిరాణా కొట్టు దగ్గర అన్నా సరిపోయేది. సినిమా హాలు దగ్గర అన్నా ఎలాగో తట్టుకునేవాణ్ణి. ఊరంతా మబ్బుల దాకా ఎత్తేవరకూ ఊఁ కొట్టి, అప్పుడు కాదన్నావు." మేస్త్రి ఒక నిట్టూర్పు విడిచాడు. "అంత పైనుంచి ఒక్కణ్ణే దిగాల్సొచ్చిందిరా."

టైలరు ఆయన ఇంటికి లేచేదాకా పక్కనే కూర్చున్నాడు.